చెస్టు వార్డు కిటికీలు

మా తమ్ముడు క్షయతో చనిపోయాడు. అప్పటికి వాడు మెడిసిన్ చివరి పరీక్షలు గట్టెక్కి హౌస్ సర్జన్‌గా పని చేస్తున్నాడు. జబ్బు వాడికి ఇంట్లో రాలేదు, ఊళ్లో రాలేదు. చెస్టు వార్డులో, రోగుల పక్కన నిలబడి పాఠం నేర్చుకునేటప్పుడు వచ్చింది. మామూలు మందులకు లొంగని రకం. ఈ నాలుగు మాటలకు మించి ఆ సంగతి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కానీ మా చర్చి సంఘంలో ఏటా వాడి పేరున జ్ఞాపకార్థ కూడిక పెడతారు. అక్కడ ఎవరో ఒకరు లేచి వాడిని కొవ్వొత్తితో పోలుస్తారు. తాను కరిగిపోయి ఇతరులకు వెలుగిచ్చాడంటారు. అందరూ ఆమెన్ అంటారు. తర్వాత కేకు ముక్క, టీ ఇస్తారు.

మా తమ్ముడు కొవ్వొత్తి కాదు. ఊపిరితిత్తులున్న మనిషి. నేల మీద పడుకుని కాళ్లు గోడకు ఆనించి చదువుకునేవాడు. గోడ మీద మడమల మచ్చలు పడ్డాయని అమ్మ తిట్టేది. వాడికి వెలుగివ్వాలనే ఉద్దేశం ప్రత్యేకంగా ఉన్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. పరీక్ష పాసై, కృష్ణపట్నం దారిలో ఏదో ఒక ఊళ్లో క్లినిక్ పెట్టుకోవాలని ఉండేది.

వాడు పోయాక వాడి పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను, వైద్యం నాకు తెలియదు. అయినా చదవడం అలవాటైన మనిషి చేతికి ఏ పుస్తకం వచ్చినా చదువుతుంది. క్షయ గురించిన అధ్యాయంలో ఆసుపత్రి సిబ్బందికి జబ్బు అంటకుండా ఏం చేయాలో ఉంది. గాలి ధారాళంగా ఆడాలి. దగ్గే రోగిని మూసిన గదిలో పదిమంది మధ్య కూర్చోబెట్టకూడదు. ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు పెట్టుకోవాలి. మా తమ్ముడు ఆ పేజీలో ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాడు, పక్కన 'ముఖ్యం' అని రాసుకున్నాడు. అది పరీక్షలో తరచుగా వచ్చే ప్రశ్న. వాడు జవాబు రాశాడు, మార్కులు తెచ్చుకున్నాడు. దిద్దిన వాళ్లకూ ఆ జవాబు తెలుసు. అందరికీ తెలిసిన ఆ జవాబు పరీక్ష హాలు దాటి వార్డులోకి మాత్రం రాలేదు.

కరోనా వచ్చినప్పుడు, ఇక నేర్చుకుంటారనుకున్నాను. నెల్లూరులో చేపల మార్కెట్‌కి వెళ్లేవాళ్లు కూడా మాస్కు పెట్టుకున్నారు. తర్వాత ఒకరోజు అందరూ తీసేశారు. డాక్టర్లు అందరికంటే ముందు తీసేశారు.

మా అక్క కూతురికి మెడిసిన్‌లో సీటు వచ్చింది. మా తమ్ముడు చదివిన కాలేజీలోనే. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఊరి అవతల, సముద్రం వైపు ఉంటుంది. వద్దు, ఇంకో కాలేజీ చూడమన్నాను. "ఆడపిల్ల. ఇంటి నుంచి బస్సులో పోయి రావచ్చు. నీకు ఎప్పుడూ అనుమానాలే" అంది అక్క. ఆ పిల్ల చదువు మొదటి ఏళ్లు బాగానే సాగాయి. ఈ ఏడు ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తూ, రేపటి నుంచి చెస్టు వార్డులో పోస్టింగ్ అని మామూలుగా చెప్పింది. చేపల పులుసు ఇంకాస్త వేసుకుంది.

అప్పటి నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఈ పిల్ల ఆ పోస్టింగ్‌లోకి ఏ ఊపిరితిత్తులతో వెళ్తుందో, వాటితోనే బయటికి రావాలి.

లోపలికి వెళ్లి ఎన్‌95 మాస్కుల పెట్టె తెచ్చి దాని ముందు పెట్టాను. అది వేళ్లు నాక్కుంటూ పెట్టె వైపు చూసింది.

"చిన్నమ్మా, ఆడ ఎవరూ పెట్టుకోరు."

"నువ్వు పెట్టుకో."

"పెట్టుకుంటే సీనియర్లు ఊరుకోరు. 'ఏం పెళ్లికూతురా, ముసుగెప్పుడు తీస్తావు? పెళ్లికొడుకు మంచం మీద దగ్గతా ఉండాడు' అంటారు. పోయిన బ్యాచ్‌లో ఒకక్కకి ఆ పేరు అట్నే ఉండిపోయింది. ఇప్పటికీ పెళ్లికూతురక్క అనే పిలుస్తారు."

"పిలవనీ."

"నిన్ను పిలవరు కదా."

అది అబద్ధం కాదు. ఆ కాలేజీలో ఇలాంటి ఆచారాలు చాలా ఉన్నాయి. మొదటిసారి రోగికి వాడిన సూది వేలికి గుచ్చుకుంటే స్నేహితులు బిర్యానీ పార్టీ అడుగుతారట. ఇప్పుడు నువ్వు నిజమైన డాక్టరువయ్యావు అంటారట. మా పిల్ల ఆ పార్టీ ఇచ్చి వచ్చాక ఆ మాట నాకు చెప్పింది. రోగికి రక్తపరీక్ష చేయించారా, నువ్వు చేయించుకున్నావా అని అడిగితే, బిర్యానీ బాగుందని చెప్పింది. ఆ పరీక్షల కోసం నేను దాన్ని వెంటబెట్టుకుని తిరిగాను. అప్పటికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వాళ్లకు పెద్ద సాక్ష్యం.

మరుసటి వారం నేనే ఆ వార్డు చూడటానికి వెళ్లాను. పిల్లకు అన్నం క్యారియర్ ఇచ్చే నెపంతో వెళ్లాను. పొడవాటి హాలు, రెండు వైపులా వరుసగా కిటికీలు. కట్టించినవాళ్లు తెలివిగానే కట్టించారు. మధ్యాహ్నానికి ముందే సముద్రం మీది నుంచి గాలి మళ్లుతుంది. తూర్పు కిటికీలు తెరిస్తే ఆ గాలి మంచాల మీదుగా పడమటి కిటికీల్లోంచి బయటికి పోవాలి. ఒక్క కిటికీ తెరిచి లేదు. లోపల ఫ్యాన్లు వేడి గాలిని తిప్పుతున్నాయి. మంచాల మీద మనుషులు దగ్గుతున్నారు.

తెరవచ్చు కదమ్మా అని నర్సును అడిగాను.

"అవి రావు మేడమ్. ఉప్పుగాలికి తుప్పు పట్టినాయని తనిఖీకి ముందర పెయింటు కొట్టించినారు. రెక్కలు మూసి పైనుంచే పూసేసినారు. ఇంక అతుక్కుపోయినాయి. మొన్న ఒకాయన గట్టిగా లాగితే గొళ్లెం ఊడి చేతికొచ్చింది."

"మరి తనిఖీ చేసినవాళ్లు ఏమన్నారు?"

"రంగు బాగుందన్నారు."

ఇక్కడ ఏసీ గది సంగతి చెప్పాలి. కిటికీలు అతుక్కుపోయాక వార్డు పొయ్యిలా తయారైంది. నడివేసవి కత్తెర ఎండల్లో పాఠం వింటూ ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. మా అక్క అందులో పెద్ద గొంతు. పిల్లలు ఎండకు చావాలా అని అందరూ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు. కాలేజీ వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. వార్డు చివర ఒక చిన్న గదికి ఏసీ పెట్టించారు, సందుల్లో రబ్బరు పట్టీలు అంటించారు. ఇప్పుడు పాఠం ఆ గదిలో. దగ్గే రోగిని చక్రాల కుర్చీలో అందులోకి తెచ్చి, తలుపు బిగించి, చుట్టూ పిల్లలు కూర్చుని, ఆయన చేత గట్టిగా ఊపిరి పీల్పించి వదిలిస్తారు. దగ్గమంటారు. ఆయన దగ్గుతాడు.

ఎవరూ చెడ్డ పని చేయలేదు. ఒకరు తుప్పు ఆపారు, ఒకరు ఎండ నుంచి పిల్లల్ని కాపాడారు. అందరూ కలిసి నిలబడి, పుస్తకంలో ఏ గది వద్దని రాసి ఉందో సరిగ్గా ఆ గదిని కట్టారు. మా అక్క దాని ఫోటో గ్రూపులో పెట్టుకుంది.

నేను ప్రొఫెసర్ గారిని కలిశాను. మా తమ్ముడికి పాఠం చెప్పిన మనిషే. దుర్మార్గుడు కాదు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించి, టీ తెప్పించారు.

"మంచి పిల్లోడమ్మా. వాడి టైమ్ అట్టా రాసిపెట్టి ఉండింది."

"టైమ్ కాదండీ. గాలి."

ఆయన నవ్వారు. "నేను ఈ వార్డులోనే తల నెరిసినాను. ఒక్క రోజు మాస్కు పెట్టలేదు. నాకేమైనా అయిందా?"

"అయినవాళ్లు మీ కుర్చీలో కూర్చుని చెప్పలేరు కదండీ."

దానికి ఆయన బాధపడలేదు, టీ తాగమన్నారు. రోగి ముందు మాస్కు పెట్టుకుంటే అంటరానివాడిలా చూశారని రోగి నొచ్చుకుంటాడన్నారు. కిటికీలు ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లవన్నారు. ఏసీ గది తల్లిదండ్రులు అడిగిందన్నారు. ప్రతి దానికీ ఒక యజమాని ఉన్నాడు, ఒక్క గాలికి తప్ప. ఇంజినీరింగ్ సెక్షన్‌కి పోతే, పెయింటు గీరితే మళ్లీ తుప్పు పడుతుంది, కావాలంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం రాసి పంపుతామన్నారు. ఎప్పటికి వస్తుందని అడిగితే వచ్చే తనిఖీకి అన్నారు.

తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. అక్క టీవీ ముందు చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆ గదిలో ఏసీ ఆపించి తలుపు తీయించమని చెప్పు, గ్రూపులో నీ మాట వింటారు అన్నాను.

"నీకేమన్నా పిచ్చా మే? ఎన్నిసార్లు తిరిగితే పెట్టించినారో తెలుసా నీకు?"

"దగ్గే మనిషిని మూసిన గదిలో..."

"నువ్వు తమ్ముణ్ణి తలుచుకోని నా బిడ్డని భయపెట్టొద్దు. నేను రోజూ ప్రార్థన చేసి పంపుతుండా."

"ప్రార్థన చెయ్. తలుపు కూడా తియ్."

"నీకు ప్రతిదీ ఎగతాళే" అని చిక్కుడు గింజ ఒకటి నా వైపు విసిరింది. చిన్నప్పటి నుంచీ వాదనలో మాట తట్టనప్పుడు అది అంతే, చేతిలో ఏముంటే అది విసురుతుంది. గదిలో పిల్ల అంతా వింటోంది. బయటికి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"చిన్నమ్మా, నువ్వు వార్డుకి రావద్దు. వస్తే అందరూ నన్ను చూస్తుండారు. చచ్చిపోయినాయన మేనకోడలంట అని చెవులు కొరుక్కుంటుండారు. నేను చదువుకోవాల."

మాస్కుల పెట్టె దాని బల్ల మీద అలాగే ఉంది. మూత కూడా చించలేదు. మైపాడు నుంచి వచ్చే బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. దారి పొడుగునా కోపం. అక్క మీద, ప్రొఫెసర్ మీద, పెయింటు మీద. దుఃఖం గురించి పుస్తకాల్లో చాలా రాస్తారు. అది మెల్లగా కరుగుతుందని, మనిషిని మెత్తబరుస్తుందని. నన్ను మెత్తబరచలేదు. ఇంజినీరింగ్ సెక్షన్ ఫోన్ నంబరు కంఠతా వచ్చేట్టు మాత్రం చేసింది.

కొన్ని రోజులకు అక్క ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు. పిల్లకు దగ్గు మొదలైందనుకున్నాను.

"ఆబ్సెంట్ వేసినారంట మే! నా బిడ్డకి ఆబ్సెంట్!"

నేను పరుగున వెళ్లాను. పిల్ల మంచం మీద కూర్చుని ఉంది, ముఖం ఎర్రగా ఉంది. జరిగింది చెప్పించడానికి కొంత సేపు పట్టింది. ఆ రోజు గదిలోకి తెచ్చిన రోగి తీరం వైపు ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, పడవ మీద వేటకు పోయేవాడు. కఫం పరీక్షలో క్షయ ఉన్నట్టు తేలింది. సీనియర్లు మంచి కేసు, వదలొద్దన్నారు. పిల్లలు ఒక్కొక్కరు వంతులవారీగా ఆయన వీపు తట్టి, స్టెతస్కోపు పెట్టి వింటున్నారు. మధ్యలో ఆయన, "పాపా, ఆ తలుపు కొంచెం తియ్యమ్మా, ఊపిరాడటంలా" అన్నాడు. మా పిల్ల లేచి తలుపు తీసింది. పాఠం చెబుతున్న అసిస్టెంటు ప్రొఫెసర్, ఏసీ పోతుంది మూసెయ్ అన్నాడు. ఆయనకి గాలాడటం లేదంట సార్ అంది. మూసి లోపల కూర్చో, లేదంటే బయటికి పో అన్నాడు. ఇది ఆ కుర్చీని చక్రాలతో సహా తోసుకుంటూ బయటికి పోయింది. పెద్దాయన్ని వరండాలో పెట్టి పక్కనే నిలబడింది. లోపల హాజరు పిలిచారు.

నేను దాని వైపు చూశాను. అది నా చూపు అర్థం చేసుకుని విసుక్కుంది.

"నీకోసం కాదు చిన్నమ్మా. నువ్వు చెప్పినావని కాదు. ఆయన అడిగినాడు, తీసినా. అంతే."

"సరే."

"అటెండెన్సు తక్కువైతే పరీక్షకి కూర్చోనియ్యరు" అంది అక్క. అప్పటికే చీర మార్చుకుని బయల్దేరింది. "నువ్వు కూడా రా. నీకు ఇంగ్లీషు బాగా వస్తుంది."

ఇంగ్లీషు అవసరం పడలేదు. ప్రొఫెసర్ గారి గదిలో, ఆయన కుర్చీ వేయించకముందే అక్క మొదలుపెట్టింది.

"సార్, నా బిడ్డ ఆడనే ఉండింది. తలుపవతల. కేసు పక్కనే ఉండింది. మీ క్లాసోళ్లే కేసు లేకుండా లోపల ఉండారు. అయితే ఎవరు ఆబ్సెంటు?"

ఆయన హాజరు పట్టీ ముందుకు లాక్కున్నారు. "డిసిప్లిన్ అనేది ఒకటుంటుంది కదమ్మా. తలుపు మూయమంటే మూయాల. ఏసీ అడిగింది మీరే కదా."

"అడిగినాం. ఆబ్సెంటు అడగలేదు."

"తలుపు తీస్తే ఏసీ దేనికి?"

"తలుపుంటే కదా సార్ ఈ గొడవంతా? వరండాలో చెప్పండి. వరండాకి తలుపు లేదు. లోపలోళ్లూ లేరు, బయటోళ్లూ లేరు. అందరూ ప్రెజెంటే."

ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. అంతకుముందు ఇదే గదిలో నేను గాలి ఎలా కదులుతుందో చెప్పాను. మా తమ్ముడి మాట చెప్పాను, వాళ్ల పుస్తకంలో పేజీ తెరిచి చూపించాను. ఒక్క కుర్చీ జరగలేదు. హాజరు మాట వచ్చేసరికి ఆయన నుదురు తుడుచుకున్నారు. ఈ ఊళ్లో పిల్లకు జబ్బు వస్తుందేమోనంటే దేవుడున్నాడంటారు. హాజరు తగ్గుతుందంటే దేవుణ్ణి తలవడానికి కూడా ఆగరు.

"సరేలేమ్మా. వరండాలోనే పెడతాం. ఎండలు తగ్గేదాకా పిల్లలే ఓర్చుకోవాల" అన్నారు. ఆబ్సెంటు కొట్టేయించారు.

పాఠం వరండాలోకి వచ్చింది. మొదటి రోజు పిల్ల ఫోన్ చేసి చెప్పింది. అందరూ నీడ కోసం గోడ వైపు చేరారట. రోగిని పిట్టగోడ అంచున, సముద్రం వైపు కూర్చోబెట్టారట. గాలి అటు నుంచి ఇటు తిన్నగా వీళ్ల మీదికి. నేను నోరు తెరిచేలోపే అది, "తెలుసు చిన్నమ్మా, మార్పించేసినాలే" అంది. "ఆయన్ని నీడలో పెట్టి మేము అంచుకి జరిగినాం. సార్ మీద ఎండ పడతా ఉంది. గొణగతా ఉండాడు."

"మాస్కు?"

"పెట్టుకున్నా. పెట్టుకోలేదంటే ఇప్పుడే బస్సెక్కుతావు."

"పెళ్లికూతురా అన్నారా?"

"అన్నారు. ఇద్దరు అన్నారు. అవునబ్బా, వరసకు మీ వదినని అన్నా. నోర్లు మూసుకున్నారు."

వారం గడవకముందే ఒక సాయంత్రం నేను అక్క ఇంట్లో ఉండగా దాని ఫోన్ టింగుమంది. తల్లిదండ్రుల గ్రూపు. వాకాడు వైపు నుంచి ఒక తండ్రి పెద్ద సందేశం పెట్టాడు. పిల్లలకు వరండాలో ఎండ తగులుతోంది, దుమ్ము పడుతోంది, కాబట్టి వరండాకు చుట్టూ అద్దాలు బిగించి మంచి ఏసీ పెట్టించమని అందరం కలిసి అడుగుదామన్నాడు. దాని కింద బొటనవేళ్ల బొమ్మలు వరుసగా పడుతున్నాయి. మా అక్క వేలు కూడా ఫోన్ మీదికి పోతోంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఎండ తగుల్తుంది కదే పిల్లలకి" అంది అక్క.

"అక్కా."

"ఏంది?"

నాకు ఒక్కసారిగా చాలా మాటలు వచ్చాయి. తమ్ముడు, పుస్తకం, గాలి, పెయింటు. ఇవన్నీ మా అక్కకు నేను చాలాసార్లు చెప్పాను. దానికీ తమ్ముడే కదా వాడు. రాత్రిళ్లు వాడి దగ్గు విని పక్క గదిలో నిద్రపోకుండా కూర్చున్నది అదే. ఆ దగ్గును ఇంకోసారి వినమని అడగలేకపోయాను.

"అద్దాలు పెడితే తలుపు కూడా పెడతారు" అన్నాను.

అక్క వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత కళ్లద్దాలు తెచ్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో కొట్టింది. 'అద్దాలు వద్దు. అద్దాలు పెడితే తలుపు పెడతారు. తలుపు పెడితే ఆబ్సెంట్ వేస్తారు. ఆలోచించుకోండి.' పంపించింది. తర్వాత ఎవరో, అది నిజమే మేడమ్ అన్నారు. ఇంకెవరో, వద్దులెండి, వరండానే మేలు అన్నారు. బొటనవేళ్లు ఈసారి అక్క సందేశం కింద పడటం మొదలుపెట్టాయి.

ఊపిరితిత్తుల మాట అందులో ఎక్కడా లేదు. చేర్చమని నేను అనలేదు.